కాజాలు కుట్టే కన్ను

"గోడవారగా ఏదో వెళ్ళిందే," అంది అత్తగారు టీకప్పు కింద పెడుతూ. "గోధుమరంగుది. ఖర్జూరప్పండుకి కాళ్ళు మొలిచినట్టుంది."

కూతురు పకపకా నవ్వింది. అల్లుడు ఇంకాస్త గట్టిగా నవ్వాడు. మరి ఖర్జూరానికి కాళ్ళంటే నవ్వక ఏం చేస్తారు! ఆవిడ కుడికంటికి శుక్లం తీయించి వారం కూడా కాలేదు. వెలుతురు చూస్తే కన్ను పొడిచినట్టుంటోందని కిటికీల తెరలన్నీ వేయించుకుని, పట్టపగలే గదిని చీకటి చేసుకుని కూర్చుంటోంది.

కూతురు లేచి దీపం వేసింది. మంచం కింద చూసింది, బీరువా వెనక చూసింది, గోడవారగా చెప్పుతో నాలుగు దెబ్బలు కూడా కొట్టింది. ఏమీ లేదు.

"అమ్మా, డాక్టరు చెప్పాడుగా, కొన్నాళ్ళు కళ్ళ ముందు నీడల్లాంటివి ఆడతాయని. అవే ఇవి."

"అంతేనంటావా?"

"అంతే."

ఆ మాట ఒప్పుకోనిది ఆ గదిలో ఒక్క కుక్కే. ఆ ఇంటి కుక్క పేరు ఇనస్పెక్టరు. ఆ పేరు దానికి ఊరికే రాలేదు. సంచీ తెస్తే సంచీ, చెప్పులు విడిస్తే చెప్పులు, ఎవరైనా తుమ్మితే తుమ్మినవాళ్ళ మొహం, ఏదైనా సరే వాసన చూసి విచారణ జరిపితే తప్ప దానికి తిండి సయించదు. అదిప్పుడు గడ్డం నేలకానించి, వెనకభాగం పైకెత్తి, బీరువా కింది సందులోకి ముక్కు దూర్చి, తోక కూడా కదపకుండా చూస్తోంది.

దాన్ని చూడగానే అల్లుడి నవ్వు సగంలో ఆగిపోయింది. "ఇప్పుడే వస్తా," అని వెనక వరండాలోకి నడిచాడు.

వాషింగ్ మెషిన్ పక్కన, పాత దుప్పటి కింద, ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. అందులో బొద్దింకలు. వంటింట్లో మన మొహాన ఎగిరే జాతి కాదు. నున్నటి గోడ ఎక్కలేనివి, మందకొడివి, అతని తొండకి మేతగా పెంచుతున్నవి. తొండంటే తోటల్లో తిరిగేది కాదు. గడ్డం నిండా ముళ్ళతో, గాజుపెట్టెలో దీపం కింద వెచ్చటి రాయి మీద పడుకుని, వచ్చినవాళ్ళకేసి ఒక కన్ను మాత్రం తెరిచి చూస్తుంది. ఆ దర్జా చూసి దానికి దొరగారని పేరు పెట్టింది అతని భార్యే. కానీ డబ్బా ఇంట్లోకి వచ్చిన రోజున మాత్రం ఆమె ఒకే ఒక్క షరతు పెట్టింది. "ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి బయట కనబడిందా, ఆ డబ్బా, ఆ తొండ, కుదిరితే మీరు కూడా బయటికే."

అతను లిఫ్టుల మెకానిక్కు. తలుపు పూర్తిగా పడితే తప్ప కదలని యంత్రాలతో రోజంతా కాపురం. "మూతల సంగతి నాకొదిలెయ్. తలుపులు పడ్డాయో లేదో చూడడమే నా ఉద్యోగం," అని ఆ రోజు ఛాతీ విరుచుకున్నాడు.

దుప్పటి ఎత్తాడు.

మూత పక్కకి జరిగి ఉంది. మూత మధ్యలో గాలికోసం అతికించిన జాలీ ఒక మూల ఊడి వేలాడుతోంది. ఎక్కితే జారిపోవాలని డబ్బా లోపలి అంచు చుట్టూ అతను పట్టీలా పూసిన వాసెలిన్ ఎవరో తుడిచినట్టు మాయమైంది. ఎవరో ఏమిటి, నాకిన చారలు అక్కడే కనబడుతున్నాయి. అవి దాక్కోవడానికని లోపల నిలువుగా నిలబెట్టిన గుడ్ల అట్టల్లో ఒకటి వాలిపోయి అంచుకి నిచ్చెన వేసినట్టు ఆనుకుని ఉంది.

కుక్క ఆ డబ్బా జోలికెందుకు వెళ్ళిందో అతన్ని ఎవరూ అడగక్కర్లేదు. బొద్దింకలకి మేత వేరే ఎందుకని, కుక్క తినే గోళీలనే గుప్పెడు తీసి, పొడికొట్టి, నెలల తరబడి అందులో చల్లుతున్నాడు. తన గిన్నెలోది పట్టుకెళ్ళి దుప్పటి కింద ఎవరికో పెడుతుంటే ఏ ఇనస్పెక్టరు మాత్రం చూస్తూ ఊరుకుంటాడు?

గబగబా అట్ట సరిచేశాడు. గుడ్డతో అంచు తుడిచి మళ్ళీ వాసెలిన్ పూశాడు. జాలీకి టేపు వేసి, మూత మీద రెండు ఇటుకలు పెట్టాడు. ఎన్ని పోయాయో దేవుడికే తెలియాలి. మెల్లగా ఒక్కొక్కటీ పట్టేద్దాం, ఎవరికీ తెలియక్కర్లేదు అనుకున్నాడు. చేతులు కడుక్కుని గదిలోకి తిరిగొచ్చాడు.

అప్పుడైనా నోరు మూసుకుని ఉంటే కొంత నయంగా ఉండేది. "అవునత్తయ్యా," అన్నాడు. "మా పెద్ద మేస్త్రీకి కూడా ఆపరేషనయ్యాక ఇలాగే కనబడేవట. కంటి నీడలే అయ్యుంటాయి."

ఆ పెద్ద మేస్త్రీకి జన్మలో కంటి ఆపరేషన్ జరగలేదు.

*

మర్నాడు పని నుంచి పెందలాడే వచ్చాడు. భార్య మందుల షాపు నుంచి ఇంకా రాలేదు. ఫ్యాను చప్పుడు చేస్తోందన్న వంకతో నిచ్చెన, టార్చి పట్టుకుని అత్తగారి గదిలోకి వెళ్ళాడు. ఫ్యాను పాపం ఏ చప్పుడూ చెయ్యడం లేదు. రెక్కలు విప్పి మళ్ళీ బిగించాడు. దిగి, నేల మీద బోర్లా పడుకుని మంచం కిందికి టార్చి వేశాడు.

"ఏం వెతుకుతున్నారు బాబూ?"

"స్క్రూ పడిపోయిందత్తయ్యా."

"చిన్నదా?"

"చిన్నదే."

మంచం కింద ఆవిడ గుడ్డసంచీ, పాత చెప్పులు, వేణ్ణీళ్ళ రబ్బరు సంచీ ఉన్నాయి. బొద్దింకలేవీ లేవు. టార్చి వేసుకుని వెళ్తే అవి ఎందుకుంటాయి! వెలుతురంటే వాటికి గిట్టదు. చీకటీ వెచ్చదనమూ కావాలి. ఇంట్లో ఆ రెండూ ఉన్నది ఈ గదిలోనే. అందుకే ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు వస్తున్నాయి, ఎవరైనా వచ్చి దీపం వెయ్యగానే పోతున్నాయి. ఇదంతా అతనికి ఆ నేల మీద పడుకుని ఉండగానే అర్థమైంది.

ఎక్కడానికి పట్టు దొరికేలా బయట గుడ్డ చుట్టి, దిగితే మళ్ళీ పైకి రాలేకుండా లోపల మెడదాకా వాసెలిన్ పూసిన గాజుసీసాలో క్యారెట్ ముక్క వేసి, బీరువా వెనక సందులో పెట్టాడు. లేచేసరికి అత్తగారు చేతిలో సూది, పట్టుదారం పట్టుకుని ఉంది.

ఆవిడ కాజాలు కుడుతుంది. చొక్కాలకి కాదు, కోట్లకి. కోట్లు కుట్టే ఒక పెద్ద షాపులో, కిటికీ పక్క పీట మీద కూర్చుని, పట్టుదారంతో చేత్తో కుట్టే కాజాలు. మిషను మీద వేసిన కాజానీ ఆవిడ కాజానీ పక్కపక్కన పెడితే, బట్టల సంగతి బొత్తిగా తెలియనివాడు కూడా ఆవిడదే చూపిస్తాడని షాపులో అంటారట.

మసక వెలుతురులోనే ఆవిడ సూదిని ఎత్తి పట్టుకుంది. దారం కొస నాలిక మీద తడిపింది. ఒక్కసారికే ఎక్కించింది.

"చూశారా అత్తయ్యా! కన్ను బంగారంలా ఉంది," అన్నాడు ఆశగా.

"దారం ఎక్కించడానికేముంది బాబూ, అలవాటు మీద చెయ్యే ఎక్కించేస్తుంది." ఆవిడ దారాన్ని మళ్ళీ లాగేసింది. "కాజా అంటే కుట్టడం కాదు. ముందు కొయ్యాలి. కోటంతా తయారై, ఇస్త్రీ అయి, చిట్టచివర్న నా దగ్గరికొస్తుంది. గీత మీద కత్తెర పెట్టి కొయ్యాలి. నూలుపోగంత పక్కకి పోయిందా, కోటు మొత్తం పోయినట్టే. అది అతికేది కాదు. ఉన్నది కనబడకపోతే కళ్ళజోడు పెట్టుకుంటాం. లేనివి కనబడే కంటిని పెట్టుకుని ఎవరి కోటు మీద కత్తెర పెట్టమంటారు?"

అతను చెప్పేద్దామనుకున్నాడు. నిజంగానే చెప్పేద్దామనుకున్నాడు, నోరు కూడా తెరిచాడు. అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. భార్య చెప్పులు విడుస్తోంది. తెరిచిన నోటితో, "స్క్రూ దొరకలేదు, రేపు చూస్తా," అన్నాడు.

కుక్క మళ్ళీ బీరువా దగ్గర చేరి కుయ్‌కుయ్‌మంటూ గోళ్ళతో నేల గీరడం మొదలుపెట్టింది. భార్యకి చిర్రెత్తుకొచ్చింది. "అసలే అమ్మ భయపడుతుంటే మధ్యలో నీ గోలేమిటే!" అని మెడపట్టీ పట్టుకుని లాక్కెళ్ళి వరండాలో కట్టేసింది. అది అతనికేసి చూసింది. అతను నిచ్చెన మడుస్తున్నట్టు తల తిప్పుకున్నాడు.

*

ఆ తర్వాత అత్తగారు పురుగుల మాట ఎత్తడం తగ్గించింది. ఉన్నట్టుండి మాట మధ్యలో ఆగి గోడకేసి చూసేది. కూతురు "ఏమ్మా?" అంటే, "ఏం లేదే," అనేది. కాళ్ళు మంచం మీదికి ముడుచుకుని కూర్చునేది. ఒకసారి అతను టీ తెచ్చి ఇస్తుంటే, దుప్పటి మీద నల్లటి ఊలు పోగుని చాలాసేపు చూసి, వేలితో ముట్టుకుని, ఊలేనని రూఢి చేసుకుని, అప్పుడు కప్పు అందుకుంది. అది చూసి అతని ప్రాణం చివుక్కుమంది.

ఒక సాయంత్రం బీరువా వెనక సీసాలో బొద్దింక ఒకటి పడింది. బాగా ఎదిగింది, నిజంగానే ఖర్జూరప్పండంత ఉంది. ఆవిడ చెప్పిన పోలిక ఎంత సరిగ్గా ఉందో చూసి సిగ్గేసింది. దాన్ని తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టి, 'అత్తయ్యా ఇదిగో' అనాల్సినవాడు, గాజుపెట్టె మూత తీసి దొరగారి ముందు వదిలాడు. దొరగారు ఒక కన్ను తెరిచాడు. నాలిక చాచాడు. కరకరమన్న చప్పుడు వరండా అంతా వినబడింది. ఉన్న ఒక్క సాక్షినీ తినిపించేశాను కదా అనుకుంటూ అతను అక్కడే నిలబడిపోయాడు. గొలుసుతో కట్టేసి ఉన్న కుక్క ఇటే చూస్తోంది.

"బాబూ, ఒకసారి ఇలా రండి," గదిలోంచి అత్తగారు పిలిచింది.

వెళ్ళాడు. ఆవిడ మంచం మీద తిన్నగా కూర్చుని ఉంది. ఒళ్ళో ఫోను.

"మా షాపుకి ఫోను కలిపి పెట్టండి. అంకెలు కనబడుతూనే ఉన్నాయి గానీ, ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కుతానేమోనని."

కలిపాడు. షాపులో బట్టలు కత్తిరించే మాస్టరు ఎత్తాడు. అవతల కుట్టుమిషన్ల చప్పుడు. "ఏవండీ, ఎప్పుడొస్తున్నారావిడ? ఇక్కడ కోట్లు గుట్టలు పడి ఉన్నాయి!" అన్నాడు హుషారుగా. అతను ఫోను అత్తగారి చేతిలో పెట్టాడు.

"మాస్టారూ, నేనింక రాలేను," అంది ఆవిడ. "లేదు లేదు, నొప్పేం లేదు. కన్ను కుదరలేదు. లేనిపోనివి కనబడుతున్నాయి... ఆఁ, నాకూ బాధే. నా పీట ఎవరికైనా ఇచ్చెయ్యండి. పట్టుదారాల పెట్టె కూడా. ఆ చిన్నకత్తెర మాత్రం ఇవ్వకండి, అది నాది."

ఫోను తిరిగిచ్చేసింది. అతను దాన్ని పట్టుకుని, ఆపేశాక కూడా చెవి దగ్గర పెట్టుకునే నిలబడ్డాడు. ఆవిడ కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగుని చీరకొంగుతో తుడిచి, చిన్న డబ్బాలో వేసి మూత నొక్కింది. ఏడవలేదు. ఏడిస్తే ఏదో ఒకటి అనేవాడేమో. అతను బయటికొచ్చి, వరండాలో కుక్క పక్కన చతికిలబడ్డాడు. ఇదంతా ఎందుకోసం? ఒక తొండ కోసం, భార్య వేసే నాలుగు కేకలు తప్పించుకోవడం కోసం. ఛీ అనిపించింది. అయినా లేచి వెళ్ళి చెప్పలేదు. మొదటిరోజే చెప్పి ఉంటే పొరపాటయ్యేది, ఇవాళ చెప్తే ఏమవుతుందో తలుచుకోవడానికే భయమేసింది.

*

కంటి డాక్టరు దగ్గరికి ముగ్గురూ వెళ్ళారు. అత్తగారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, గుడ్డసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లోపలికి పిలిచాక డాక్టరు దీపాలన్నీ ఆర్పి, యంత్రం దీపం ఒక్కటే వెలిగించాడు. ఆవిడ సంచీని బల్ల మీద పెట్టి, గడ్డం యంత్రానికి ఆనించింది.

"పైకి చూడండమ్మా. కిందికి. ఆఁ, చాలు." డాక్టరు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "కన్ను అద్దంలా ఉంది. ఇంత శుభ్రంగా మానడం నేనే అరుదుగా చూస్తాను."

"మరి పురుగులు కనబడుతున్నాయంటోందండీ," అంది కూతురు. "గోడవారగా పాకుతున్నాయట."

"పాకుతున్నాయా?" అన్నాడు డాక్టరు. "కంటిలో నీడలైతే కన్ను ఎటు తిప్పితే అటే వస్తాయి. గోడ పట్టుకుని నడవవు. కంటిలో ఏ లోపమూ లేదు. ఇంకా కనబడుతుంటే, వయసు కదా, ఒకసారి మెదడు డాక్టరుకి చూపించడం మంచిది. రెండోకన్ను ఆపరేషన్ సంగతి ఆ తర్వాతే చూద్దాం."

కూతురు తల్లి భుజం మీద చెయ్యి వేసింది. "మా అమ్మకి మతి..." అని, మిగతాది మింగేసింది.

డాక్టరు చేతులు కడుక్కోవడానికి అటు తిరిగాడు. గది ఇంకా చీకటిగానే ఉంది, యంత్రం దీపం బల్ల మీద అరచేతి మేర పడుతోంది. సంచీ మూతి కదిలింది. ముందు రెండు మీసాలు వచ్చాయి. తర్వాత తల. బొద్దింక తీరిగ్గా బల్ల మీదికి దిగి, దీపం అంచు తప్పించుకుంటూ, బల్ల వారగా నడవసాగింది.

అతను దాన్ని చూశాడు. అత్తగారూ చూసింది. చూసిందని అతనికి ఖాయంగా తెలుసు, ఆవిడ కుడికన్ను దానితో పాటే మెల్లగా జరిగింది.

"ఇప్పుడేమైనా కనబడుతోందామ్మా?" వెనక్కి తిరక్కుండానే అడిగాడు డాక్టరు.

ఆవిడ దాన్నే చూస్తూ, "లేదండి," అంది. తప్పు చేసి దొరికిన పిల్లలు చెప్పినట్టు చెప్పింది. "ఏమీ లేదండి. ఇప్పుడేం కనబడట్లేదు."

అతను చెయ్యి చాచి బొద్దింక మీద దొప్పలా మూశాడు. అరచేతిలో గిలగిల కొట్టుకుంటోంది. గుప్పిట బిగించి జేబులో పెట్టుకుంటే సరి, ఎవరూ చూడలేదు. ఇటువంటి సమయంలో కూడా ఆ బుద్ధే పుట్టినందుకు తనమీద తనకే అసహ్యమేసింది.

"ఉంది," అన్నాడు. "ఉందత్తయ్యా. ఇదిగో."

దీపం కింద గుప్పిట విప్పాడు. కూతురు కెవ్వుమంది. డాక్టరు తడిచేతులతో తిరిగాడు. అత్తగారు మాత్రం వెనక్కి తగ్గలేదు, వంగి చూసింది.

"ఇది నాదే. డబ్బాలోంచి పోయాయి. మీరు మొదటిసారి చెప్పిన రోజే నాకు తెలుసు. మీకు కనబడ్డవన్నీ ఉన్నాయి. ఒక్కటీ అబద్ధం కాదు."

అత్తగారు బొద్దింకని చూడడం అయ్యాక తలెత్తి అతని మొహం చూసింది. అద్దంలా మానిన కన్ను. దాని ముందు నిలబడడం కంటే కాలికింద నేల విచ్చుకుంటే బాగుండుననిపించింది.

*

భార్య అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. దారి పొడుగునా తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుంది, ఇతని వైపు చూడనే లేదు. ఇంటికొచ్చాక అతనే తోటి మెకానిక్కుకి ఫోను చేసి, తొండనీ డబ్బానీ రేపు వచ్చి పట్టుకెళ్ళమన్నాడు. ఆమె వెళ్ళి కుక్క గొలుసు విప్పింది.

కుక్క నేరుగా అత్తగారి గదిలోకి పరిగెత్తింది. ఆవిడ తెరలన్నీ వేయించింది, దీపం ఆర్పించింది. మంచం మీద కూర్చుంది. పక్కనే నేల మీద కుక్క. చేతిలో సీసాతో గుమ్మంలో అల్లుడు.

"రండి," అంది. "చప్పుడు చెయ్యకండి."

కాసేపు ముగ్గురూ కదలకుండా ఉన్నారు. అతనికి చీకటి తప్ప ఏమీ కనబడలేదు.

"అదిగో, బీరువా ఎడమకాలు దగ్గర. పిల్లది."

పాకుతూ వెళ్ళి చెయ్యి పెట్టాడు. దొరికింది. చింతగింజంత కూడా లేదు.

"తలుపు వెనక. కాదు, ఇంకా కిందికి. ఆఁ."

ఆవిడ చెప్తూ ఉంది, అతను మోకాళ్ళ మీద పాకుతూ ఉన్నాడు. ఆవిడ మాటలో కోపం లేదు, ఆప్యాయతా లేదు. కొత్తగా చేరిన పనివాడికి కుట్టు చూపించినట్టు చెప్తోంది. కుక్క అతని పక్కనే నడుస్తూ ఆవిడ చెప్పిన ప్రతి చోటా ముందు తన ముక్కు పెట్టి ఖాయం చేస్తోంది. మంచం కింద గోడమూలకి ఒకటి పోయింది. అతను బోర్లా పడుకుని లోపలికి దూరాడు.

"అత్తయ్యా," అన్నాడు అక్కణ్ణించే. మొహం కనబడని చోటు కాబట్టి ధైర్యం వచ్చింది. "షాపుకి నేను ఫోను చేస్తాను. మాస్టరుతో జరిగిందంతా నేనే చెప్తాను."

"మీరు చెయ్యొద్దు," అంది ఆవిడ. "అంకెలు నాకు కనబడతాయి."

పైన మంచం కిర్రుమంది. ఫోను మీద అంకెలు ఒక్కొక్కటే నొక్కుతున్న చప్పుడు. ఎక్కడా ఆగలేదు, చెరిపి మళ్ళీ నొక్కలేదు.

"మాస్టారూ, నేను. నా పీట ఎవరికీ ఇవ్వలేదు కదా... ఇచ్చేశారా?" మాస్టరు చెప్పేది వింది. "పోన్లెండి. కొత్తగా వచ్చిన అమ్మాయిని లేపకండి పాపం. నేను తలుపు దగ్గర కూర్చుంటా. కిటికీ వెలుతురు రాకపోతే మానె, కన్ను బాగానే ఉంది." మళ్ళీ వింది. "అవును, మొన్న అలా చెప్పాను. అది కంటి తప్పు కాదు."

ఎవరి తప్పో ఇప్పుడు చెబుతుందని అతను మంచం కింద ఊపిరి బిగబట్టాడు. అవతల మాస్టరు కూడా అదే అడుగుతున్నట్టున్నాడు.

"అదంతా ఎందుకులెండి," అంది ఆవిడ. "పొద్దున్న వస్తాను. కోట్లు పక్కన పెట్టి ఉంచండి."

ఆవిడ చెప్పేసి ఉంటేనే బాగుండేదనిపించింది. అతనికి ఆ బొద్దింక చేతికందేంత దూరంలోనే ఉంది, అయినా చెయ్యి చాచలేదు. కుక్క పొట్టతో పాకుతూ లోపలికి వచ్చి అతని మొహం వాసన చూసింది. చెంప మీద తడిని నాకి, పక్కనే పడుకుంది.

"దొరికిందా?" పైనుంచి అత్తగారు అడిగింది.

"ఇంకా లేదత్తయ్యా," అన్నాడు.